అదే నూనెనా?

కాలేజీ గ్రౌండులో ఎగ్జిబిషన్ పెట్టినారనగానే
మధులత అడిగింది జెయింట్ వీలు గురించి కాదు.
"నాయనా, ఆడ నాకేముంటాది తిననీక?"

తొమ్మిదేండ్ల పిల్ల.
కర్నూలు పెద్దాసుపత్రిలో కడుపులోకి గొట్టమేసి చూసి
డాక్టరమ్మ తెల్లకాగితం రాసిచ్చిన రోజునుంచి
గోధుమ మా ఇంటికి పగోడు.
మైదా వాని తమ్ముడు, రవ్వ వాని మేనత్త,
సేమియా పిలవకుండానే పండక్కొచ్చే చుట్టం.
ఇంగువ డబ్బా వెనక చీమంత అక్షరాల్లో
వాడే నక్కి కూచున్నాడని
కనిపెట్టింది పిల్లే, భూతద్దం పెట్టి.

గేటుకాడ టికెట్లు చింపేవాడు సంచి తడిమినాడు.
"బయట తిండి లోపలికి రాదన్నా."
స్టీలు టిఫినులో ఉగ్గాని, ఇంట్లో చేసింది.
పుట్టినప్పటినుంచి బతిమాలడం తెలిసినోణ్ణి,
ఎందుకో నోరు తిరగలేదు.
"రోగమా పాపకు?"
"కాదు," అంది మధులత, "నియమం."
ఏ దీక్ష అనుకున్నాడో, దండం పెట్టినాడు.
టిఫిను మాత్రం బల్ల కిందనే పెట్టుకున్నాడు,
పొయ్యేటప్పుడు తీసుకపొమ్మని.

లోపల దీపాలే దీపాలు, నూనె వాసనే వాసన.
ఢిల్లీ అప్పడం, బండిచక్రమంత.
"మినపపిండే కదమ్మా," అన్నా ఆశగా.
పిల్ల మూకుట్లోకి తొంగి చూసింది
బాయిలోకి చూసినట్టు.
"అన్నా, ఇదే నూనెలో సమోసాలు వేసినావా?"
"వేసినా."
మిరపకాయ బజ్జీ.
"కరకరమననీక మైదా ఏమన్నా కలిపినావా?"
"పిడికెడు."
నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్పి కదిలింది.
గోబీ వాడు ప్రశ్న పూర్తిగా వినకుండానే
"అంతా ఫ్రెష్షే పాపా" అన్నాడు.
ఐస్‌క్రీమును కప్పులో పెట్టమంటే
కోను పొడి అంటిన గరిటెనే ముంచబోయినాడు ఇంకొకడు.

పీచుమిఠాయి ఒక్కటే నిర్దోషి.
గులాబిరంగు మబ్బును నోట్లో పెట్టుకుంది.
మబ్బు లేదు. ఆకలి అట్లే ఉంది.

జనరేటరు మోతకు అవతల, చివరాకర్న
ఉడకేసిన బుడ్డల గంప ముందర సుంకులమ్మ.
ఈసారి నేనడిగినా. "ఉప్పూ నీళ్ళేనా అవ్వా?"
"ఇంకేముంటాది నాయనా, నా చెమట."
పిల్ల నవ్వింది, ఆ మాపటేళ మొదటిసారి.
సంగతంతా విని అవ్వ
గంప వెనకనుంచి తన మూట తీసి విప్పింది.
రెండు జొన్నరొట్టెలు, ఎర్రకారం.
"తిను బంగారూ.
గోదుమలు కొనే రాత మాకెప్పుడొచ్చె!"

అడగకూడదని తెలుసు.
అడిగినా.
"పిండి యాడ పట్టిచ్చినావవ్వా?"
"మిల్లులో."
"నీకంటే ముందర గోధుమలేమన్నా ఆడించినారా?"

అవ్వ నన్ను చూసిన ఆ చూపు
ఇప్పటికీ తినేటప్పుడు పళ్ళెంలో కనపడతాది.
చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.
జొన్నరొట్టె తిని పెరిగిన వంశంలో
జొన్నరొట్టెను వద్దన్న మొదటి బిడ్డ
"కడుపులో నొస్తాది అవ్వా" అని
చాలా మెల్లగా చెప్పింది.

ఆ రొట్టె నేను తీసుకున్నా.
నిలబడే తిన్నా, కడదాకా, కారంతో సహా.
కండ్లలో నీళ్ళు కారానివే.

జెయింట్ వీలు మా తొట్టిని పైన ఆపింది.
కింద కొండారెడ్డి బురుజు, దూరంగా
తుంగభద్ర బ్రిడ్జి మీద దీపాల వరస.
మధులత ఒళ్ళో కాగితం పొట్లం.
కాయను నొక్కితే ఉప్పునీళ్ళు చిమ్మినాయి.
"సూడు నాయనా,
దీని లోపలికి ఎవురి చెయ్యీ పోలేదు."
తొక్కలన్నీ నా జేబులో వేసింది.

నేను కూడా ఒకటి ఒలిచి
నోటికందియ్యబోతే
మొగం పక్కకు తిప్పుకుంది.
"నాయనా, రొట్టె తిన్న చెయ్యి."

చక్రం కదిలింది.
కిందికి దిగేదాకా ఆ పప్పు
నా రెండు వేళ్ళ మధ్యనే ఉంది.